మూసుకోని విండో

కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయాడు. కాఫీలో విషం. అతను తయారుచేస్తున్న చిన్న విండో స్క్రీన్ మీద ఇంకా తెరిచే ఉంది.

"రైల్వే సిగ్నల్ గదుల కోసం ఆ కంపెనీ ఒక డెస్క్‌టాప్ ప్రోగ్రాం రాస్తోంది," అన్నాడు చీఫ్. "ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీదైనా ఒకేలా నడుస్తుంది. వెనకున్నది విదేశీ ముఠా. రిలీజ్ అయ్యాక వాళ్ళ బాస్ తన విండో మూస్తే చాలు, దేశంలోని సిగ్నళ్ళన్నీ ఒక్కసారే పచ్చగా మారతాయి. మనవాడు ఇంతవరకే చెప్పగలిగాడు."

చనిపోయింది ఎదురుగా ఉన్న ఏజెంట్‌కి బావమరిది. ఆఫీసులో కూడా నోరారా "బావా" అనే పిలిచేవాడు. అలా డిపార్ట్‌మెంట్ మొత్తానికీ ఏజెంట్ బావ అయిపోయాడు.

"నువ్వు అదే కంపెనీలో టెస్టర్‌గా చేరాలి. డిజైన్ హెడ్ మన డబుల్ ఏజెంట్. అలాగని ఆమెను పూర్తిగా నమ్మకు."

"నాకు కోడింగ్ రాదు సార్."

చీఫ్ ఒక హియరింగ్ ఎయిడ్ ఇచ్చాడు. "తనకేమైనా అయితే నువ్వే రావాలని, నీకోసం వాడు పాఠాలు రికార్డ్ చేశాడు. రికార్డయినంతవరకూ మనకి చేరాయి. విను."

నెరిసిన విగ్గు, మందపాటి కళ్ళద్దాలతో బావ కంపెనీలో చేరాడు. పోయినవాడి కుర్చీయే అతనికిచ్చారు. చెవిలో ఆ గొంతు మొదలైంది.

"బావా, విండో అంటే ఖాళీ గది. బటన్లు అందులో సామాను. నీ ఇష్టమొచ్చిన చోట పెట్టకు, సర్దే పని లేఅవుట్‌కి అప్పగించు. అప్పుడు ఏ సిస్టమ్‌లో తెరిచినా చెదరదు. ఇక బటన్ నొక్కడం ఒక ఈవెంట్. నొక్కితే ఏం జరగాలో నువ్వే కలపాలి. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు."

కొట్టాడు. బటన్ నొక్కాడు. "వచ్చావా బావా" అన్న మాటలు స్క్రీన్ మీద పడ్డాయి. చెవిలో నవ్వు వినిపించింది.

పాఠం మధ్యలో కుర్చీ కిర్రుమనేది. బావ కదిలినా అదే కిర్రు. ఏది చెవిలోదో, ఏది గదిలోదో తెలిసేది కాదు. ఒక్కోసారి వెనక్కి తిరిగి చూసేవాడు.

రిలీజ్ రోజున డిజైన్ హెడ్ వచ్చి పక్కన నిలబడింది. నల్లటి సిల్కు దుస్తులు, ఖరీదైన సెంటు.

"కిటికీ తెరిచే ఉందా?"

"గాలే రావడం లేదు," అన్నాడు బావ. రహస్య సంకేతం కలిసింది.

విండో మూసే ఈవెంట్ ఉన్న ఫైల్‌ని ఆమె తెరిచింది. "త్వరగా. బాస్ వచ్చేస్తున్నాడు."

"వాడికి కాఫీ ఎవరిచ్చారు?"

"విషం బాస్ కలిపాడు. తెలియక నేనే తీసుకెళ్ళాను. బాస్‌కి అనుమానం వచ్చిందని ముందురోజే పారిపొమ్మన్నానండీ. 'ఆఖరి పాఠం మిగిలింది, మా బావ మొద్దు, సగంలో వదిలేస్తే ఏమీ రాదు' అన్నాడు."

కాసేపు బావకి అక్షరాలు కనబడలేదు. కళ్ళు తుడుచుకుని ఆఖరి పాఠం పెట్టాడు.

"మూయడం కూడా ఒక ఈవెంటే బావా. దాన్ని పట్టుకోవచ్చు, వద్దనొచ్చు. ముందుగా..."

ఏదో కింద పడిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

మిగతాది బావ తనంతట తానే రాశాడు. సిగ్నళ్ళని పచ్చగా మార్చే లైను చెరిపేసి, మార్పులతో ప్రోగ్రాం మళ్ళీ తయారయ్యేలా బిల్డ్ నొక్కాడు. అది పూర్తవుతుండగానే తలుపు తెరుచుకుంది.

బాస్ అతన్ని పక్కకి నెట్టి కూర్చున్నాడు. గోడ మీది మ్యాప్‌లో రెండు రైళ్ళు ఒకే పట్టాల వైపు వస్తున్నాయి. తన విండో తెరిచి, మూలనున్న మూసే గుర్తు నొక్కాడు.

విండో మూసుకోలేదు. ఒక పెట్టె తెరుచుకుంది: "నిజంగా మూసేయాలా?"

అవునని నొక్కాడు. మళ్ళీ అదే పెట్టె. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే. మ్యాప్‌లో ఒక రైలు ఎర్రలైటు ముందు ఆగింది.

"ఎవడు రాశాడు దీన్ని?"

"నేను రాసింది సగమే," అన్నాడు బావ.

అప్పటికే గది నిండా చీఫ్ పంపిన పోలీసులు. డిజైన్ హెడ్ తనంతట తానే బేడీల కోసం చేతులు ముందుకు చాచింది.

మర్నాడు చీఫ్ అడిగాడు, "మన ఆఫీసుకి హాజరు ప్రోగ్రాం ఒకటి చేసిపెట్టగలవా?"

"చేస్తాను సార్. ఏ సిస్టమ్ మీదైనా నడుస్తుంది. కాకపోతే, రాలేనివాళ్ళకి కూడా హాజరు వేస్తుంది."