కోదండపాణి అంగలు

చనిపోయిన మనిషి నోటుపుస్తకం పట్టుకుని ఎర్రమల కొండలెక్కడం వకుళకు ఇది మూడోసారి. అందులో ఉన్నది బంగారానికి దారి కాదు, బూడిదకు దారి. డెబ్భై నాలుగు వేల ఏళ్ల కిందట సముద్రం అవతల ఒక అగ్నిపర్వతం పేలి, మన నేల మీద కూడా బూడిద కురిపించింది. ఆ తర్వాత ఇక్కడ వానలు ముఖం చాటేశాయా, లేదా? ఆ పొరా, దాని మీద పేరుకున్న మట్టీ చెదరకుండా దొరికితే తేలిపోతుంది. పావురాల గవి అనే గుహలో దాన్ని చూశానన్నాడు ఆ నోటుపుస్తకం రాసిన ఆమె గురువు కోదండపాణి. తీసిన నమూనా వాగు దాటుతుంటే కొట్టుకుపోయింది. వెతకబోయినవాళ్లు ఉత్తచేతులతో తిరిగొచ్చి, నిండు సభలో ఆయన్ను అబద్ధాలకోరన్నారు. ఆ రోజు వకుళ కూడా నోరు విప్పలేదు. అదే ఆమెను ఇన్నేళ్లుగా తినేస్తోంది.

గవి అంచున మేకల కాపరి మద్దిలేటిని నిలబెట్టి, తాడు పట్టుకుని ఒంటరిగా లోపలికి దిగింది.

'రెండో చీలిక నుంచి నూట నలభై అంగలు, ఎడమ గోడ.'

నోటుపుస్తకంలో ఉన్నట్టే లెక్కపెడుతూ నడిచింది. మళ్లీ అదే బోడి సున్నపురాయి! వకుళ చతికిలబడింది. ఓదార్చేవాళ్లు లేరు, కనీసం తిట్టేవాళ్లైనా లేరు. ఇప్పుడు ఆయన వరండాలో నడిచొచ్చే చప్పుడు వినిపిస్తే ఎంత బాగుండు! కుడికాలు టక్కున, పోలియో కాలు బర్రున...

దిగ్గున లేచింది. ఎంత తెలివితక్కువ! అందరూ ఎవరి కాళ్లతో వాళ్లు కొలిచారు, ఆయన పొట్టి అంగలతో కాదు.

చీలిక దగ్గరికి పరుగెత్తి, ఎడమకాలు ఈడుస్తూ బయలుదేరింది. నూట నలభయ్యో అంగ ఇందాక దాటిపోయిన రాతితెర దగ్గర పడింది. దాని వెనక్కి దూరి లైటు వేసింది. ఎర్రమట్టి గోడలో బెత్తెడు మందాన తెల్లటి బూడిద! అందులో డబ్బా పట్టేంత చదరపు గుంట. ఆయన నమూనా తీసిన చోటు.

"సార్!" అని అరిచింది. గవి తప్ప ఎవరూ పలకలేదు.

"మేడమ్! పైన వాన పట్టుకునింది! నీళ్లు లోపలికి దిగతాండాయి, రాండి!" మద్దిలేటి కేక.

"ఒక్క నిమిషం!"

"నిమిషం ల్యాదు! బతకాలంటే రాండి!"

వకుళ రేకు డబ్బాను గోడకు ఆనించి సుత్తితో దిగగొట్టింది. మోకాళ్లదాకా నీళ్లు. చుట్టూ మట్టి తవ్వి, పొరలు చెదరకుండా డబ్బా పెకలించి చున్నీలో మూటగట్టింది. సుత్తి పోయింది, సంచీ పోయింది. లైటు చేయిజారి ఆరిపోయింది.

కటిక చీకటి. కుడిచేత్తో గోడ తడుముతూ ఆయన అంగలే వేసింది. టక్కున ఒకటి, బర్రున ఒకటి. నూట నలభైకి చీలిక తగిలింది. అక్కడినుంచి మసక వెలుగు, వేలాడే తాడు. మద్దిలేటి బలమంతా పెట్టి పైకి లాగాడు.

"బంగారమేనా మేడమ్?"

"బూడిద."

"దీనికోసరమా పానం మీదికి తెచ్చుకుంటిరి?"

వకుళ నవ్వబోయి ఏడ్చేసింది. దొరికిందని మొదట చెప్పాల్సిన ఆ ఒక్క మనిషే లేడు. డబ్బాను గుండెకు హత్తుకుని జీపు వైపు కదిలింది.

"కాలికి దెబ్బేమన్నా తగిలిందా? కుంటతాండారే!"

"లేదు మద్దిలేటీ," అంది వకుళ. జీపు దాకా అలాగే నడిచింది.