నూనె సూది

కర్నూలులో కొండారెడ్డి బురుజుకు ఎదురుగా ఉన్న మేడగదిలోకి వచ్చిన మనిషి కుడిచేతిని కండువాలో చుట్టి దాచుకున్నాడు. దెబ్బ తగిలిందేమోనని డిటెక్టివ్ మహానందికి సహాయకుడైన రంగన్న గబగబా కుర్చీ లాగి వేశాడు. చేతికి దెబ్బేమీ లేదు. ఆ చేతిని నలుగురి కంటా పడనివ్వాలంటేనే అతనికి భయం.

“సామీ, నా పేరు కంబన్న. ఆదోని దగ్గర బొమ్మనకల్లులో కాంపౌండర్ పని చేస్తాండా. ఈ చెయ్యి నరుకుతామంటాండారు.”

“ఎవరు?” అన్నాడు మహానంది.

“మా ఊరి పెద్ద ఈరన్న. ఆయప్ప కొడుకు బసవడు నా సూదితోనే సచ్చిపోయినాడంట. కర్మల దినం కాంగానే నా చెయ్యి నరుకుతామని ఆ పిల్లోని మేనమామ తిమ్మయ్య అందరి ముందరా ఒట్టేసినాడు. దినం ఎల్లుండే సామీ.”

“పిల్లవాడికి జబ్బేమిటి?”

“నిమోనియా. ఆదోని డాక్టరు నూనె పెన్సిలిన్ రాసినాడు. ఏసినాను. జ్వరం దిగనే లేదు.”

రంగన్న తల పంకించాడు. మొదట్లో పెన్సిలిన్ అంటే మూడు గంటలకోసారి సూది, రాత్రనక పగలనక. రోగి ఆసుపత్రి మంచానికి అంటుకుపోవాల్సిందే. నూనెలో కలిపిన కొత్త రకం వచ్చాక పొద్దున ఒక్క సూది చాలు. మందు కండలో నిలిచి, మెల్లమెల్లగా ఒంటికెక్కుతుంది. ఆసుపత్రి లేని పల్లెలకు అంతకంటే కావలసిందేముంది!

“ఈసారి మందు ఎలా ఉంది?”

“పల్చగా ఉన్నింది సామీ. ఎప్పుడైనా లావు సూది పెట్టి, బలం పట్టి తోస్తేనే కదిలేది. ఎండకు కరిగింటాదిలే అనుకున్యా.”

“సీసా మూత?”

“రబ్బరు మీద రేకు లేదు. దండిగా పసుపు పూసి బొట్టు పెట్టిండ్రి. పూజలో పిల్లోని అమ్మే రేకు పీకేసింటాదని, స్పిరిట్టుతో తుడిచి సూది గుచ్చినా.”

“ఖాళీ సీసాలు ఏం చేస్తావు?”

“తిమ్మయ్య మనుషులు వచ్చి తీసుకపోతారు. ఆయప్పకు ఆదోనిలో మందుల అంగడి, దాని ఎనకాలే బుడ్డల నూనె, అదే వేరుశనగ నూనె గానుగ ఉండాయి. సీసాలు కంపెనీకి ఎనక్కి పంపాలంట.”

మహానంది నోట్లో చేదు పడ్డట్టు ముఖం పెట్టాడు. అలాంటి ముఖం పెట్టాడంటే కేసులో ఏదో దొరికిందన్నమాటేనని రంగన్నకు తెలుసు. గురువుగారి బుర్రకు మనసులోనే ఒక దండం పెట్టి, పెట్టె సర్దడం మొదలుపెట్టాడు.

బొమ్మనకల్లులో ఊరిపెద్ద ఈరన్న ఇంటి అరుగు మీద బంధువులందరి మధ్యా తిమ్మయ్య గొంతే ఖంగుమంటోంది. చెల్లెలి కొడుకు పోయిన దుఃఖం అతని గొంతులో ఉన్నంతగా కళ్ళలో కనిపించలేదు రంగన్నకు. “డిటెక్టివో గిటెక్టివో, ఎవరొచ్చినా వాని చెయ్యి నిలవదు!” అన్నాడు.

మహానంది అతనితో వాదం పెట్టుకోకుండా లోపలికి నడిచాడు. బసవడి తల్లి హంపమ్మ ఏడ్చి ఏడ్చి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

“అమ్మా, మందు సీసాకు పూజ చేశారట కదా?”

“యాడి మందైనా మా ఇంట్లో ఒక రాత్రి దేవుడు ఈరన్నసామి ముందర పెట్టినాకే వాడతాం అయ్యా. అన్న తెచ్చిచ్చిన సీసాను పసుపుబియ్యం మీద పండబెట్టినా. తెల్లారినాక కంబన్నకు ఇచ్చినాం.”

“ఆ బియ్యం తీసేశారా?”

“యాడ తీసేది? మైల కదా. దినం అయ్యేదాకా మేము దేవుని గూడు ముట్టుకోకూడదు.”

బయటివాడికి ఆ పట్టింపు లేదు. మహానంది గూటి ముందు వంగి చూశాడు. పటం ముందు పోసిన పసుపుబియ్యంలో సీసా ఆనిన గుర్తు అలాగే ఉంది. మూత ఉన్న వైపు బియ్యం తడిసి, ముద్దకట్టి ఉన్నాయి. నాలుగు గింజలు తీసి తను వాసన చూసి, రంగన్న ముక్కు దగ్గర పెట్టాడు. వేరుశనగ నూనె.

“దీపంలోది ఒలికిందేమో?” అన్నాడు రంగన్న.

“మేము దీపానికి ఆముదం తప్ప వేరేది వాడం” అంది హంపమ్మ.

“సీసా మీది రేకు మీరే తీశారా తల్లీ?”

“నాకు తీసేకి వస్తాదా అయ్యా? అన్న ఇచ్చినప్పుడే అట్ల ఉన్నింది.”

ఆ సాయంత్రమే మహానంది ఆదోని ఎస్సైకి ఒక కబురు పంపాడు. రంగన్నను ఇంకో పని మీద అదే ఊరికి తరిమాడు.

దినం నాటి పొద్దున వాకిట్లో ఊరంతా చేరింది. ఈరన్న పక్కన గొడ్డలి ఉంది. కంబన్న కండువాలో చేతిని దాచుకుని నిలబడ్డాడు. మహానంది తడి బియ్యాన్ని విస్తరిలో పోసి అందరి ముందూ పెట్టాడు.

“కంబన్న మందు పాడు చేశాడంటున్నారు. కానీ సీసా అతని చేతికి రాకముందు రాత్రే కారింది. కొత్త సీసా రబ్బరుకు చిల్లు ఉండదు, పండబెట్టినా చుక్క కారదు. ఇది అంతకుముందే సూదులు గుచ్చి వాడేసిన సీసా. అసలు మందు మీగడలా ఉంటుంది, బియ్యంలోకి ఇలా ఇంకదు. పిల్లవాడి ఒంట్లోకి పోయింది ఉత్త వేరుశనగ నూనె.”

“కంపెనీ వాళ్ళే దొంగోళ్ళేమో! నేనేం చేసేది?” అని తిమ్మయ్య అరిచాడు.

“ఖాళీ సీసాలు వెనక్కి తీసుకునే కంపెనీ ఏది, చెప్పండి?”

తిమ్మయ్య ఖళ్ళుఖళ్ళున దగ్గాడు. మహానంది జేబులోంచి ఒక సీసా తీశాడు. “నిన్న రంగన్న మీ అంగడిలో కొన్నాడు. మీకు దగ్గుంది కదా. మీ మందే మీకు వేద్దాం. కంబన్నా, సూది తీయి.”

కంబన్న సూదిలోకి మందు లాగి ముందుకు వచ్చాడు. తిమ్మయ్య ఎగిరి వెనక్కి గెంతాడు.

“వద్దు! దగ్గరికి రావద్దు! ఆ సీసాలు బర్రెల తొట్లో కడిగినవి!”

అన్న మాట అనేశాక గాని అతనికి తెలిసిరాలేదు. 

హంపమ్మ లేచి వచ్చింది. “అన్నా, బసవనికని తెలిసే ఇచ్చినావా?”

“మంచి సీసాలు అయిపోయినాయి మే. వయసు పిల్లోడు, మందు లేకున్యా వాడే లేస్తాడనుకున్యా.”

ఇదివరకటి కేసుల్లో కోపంతో గొడ్డలెత్తిన హంతకులను చూసి రంగన్న భయపడ్డాడు గాని, ఇంత అసహ్యం ఏనాడూ పుట్టలేదు. మొహం తిప్పుకున్నాడు. సీసా మీదికి ఎవరి చూపూ పోకుండా ఉండటానికే కదా, ఈ పెద్దమనిషి ఇంకొకడి చెయ్యి నరకమని ఊరిని రెచ్చగొట్టింది! థూ!

ఈరన్న గొడ్డలి అందుకున్నాడు. మహానంది అతని మణికట్టు గట్టిగా పట్టుకుని, “ఇతన్ని కోర్టులో నిలబెట్టాలి ఈరన్నా. నరికితే నిజం ఇక్కడే ఆగిపోతుంది” అన్నాడు. అంతలో ఎస్సై జీపు వచ్చి ఆగింది. గానుగ పెరట్లో దొరికిన గంపలు దించారు. నిండా సీసాలే. కొన్ని నూనెతో నింపి ఉన్నాయి, కొన్నింటి అడుగున ఇంకా పేడనీళ్ళు ఉన్నాయి. జవాన్లు తిమ్మయ్య చేతులకు బేడీలు వేశారు.

జనంలోంచి ఈరక్క అనే ముసలామె ముందుకు వచ్చింది. గంపల వైపు, మహానంది వైపు మార్చి మార్చి చూసింది.

“అప్పా, నా కోడలు బాలింత జ్వరంతో పాయె. ఆయమ్మకు గూడా ఈ అంగడి మందే ఏపిచ్చినాం. రాత అంతేలే అనుకున్యాం. అది గూడా ఇదేనా?”

 ఆమె వెనక గోడవారన కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు. కంబన్న సూది కింద పెట్టేశాడు.

“నేనే ఏసినా ఈరక్కా. అందరికీ నేనే ఏసినా.”

ఈరక్క అతని దగ్గరికి వచ్చి ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“నీకేం తెలుసప్పా. పొద్దన్నే నువ్వు సూది తీస్తాంటే, ఇంక బతుకుతానని నగుతాండె ఆయమ్మ.”