పుస్తకం ఎవరి దగ్గరుందంటే

ఆ ఉదయం నజీహా రొట్టె ముక్కను ఆలివ్ నూనెలో ముంచుకుని తింటూ కంప్యూటర్ తెరనే మురిపెంగా చూసుకుంటోంది. ఇరవయ్యారేళ్లు మునిసిపల్ లైబ్రరీలో కార్డులు తిరగేసిన మనిషి, యాభై రెండో ఏట రాజధాని ట్యూనిస్‌లో నెలరోజులు శిక్షణకు వెళ్లి వెబ్ పేజీ తయారుచేయడం నేర్చుకుంది. తోటి విద్యార్థులంతా కొడుకు వయసువాళ్లు. అయినా ఎక్కడా తగ్గలేదు. నిన్న సాయంత్రమే లైబ్రరీ పుస్తకాల జాబితా మొత్తం ఇంటర్నెట్‌లోకి ఎక్కించింది.

పుస్తకం పేరు, రచయిత, ఏ అర, అన్నీ పెట్టింది. చివర్లో తన సొంత తెలివితో ఇంకో వరస చేర్చింది: 'ఇప్పుడు ఎవరి దగ్గరుంది'. కావలసిన పుస్తకం అరలో లేకపోతే కార్డు చూసి, "దలెందా దగ్గరుంది, వెళ్లి అడుగు" అని చెప్పి పంపడం అక్కడ ఎప్పట్నుంచో ఉన్న అలవాటే కదా!

ఫోన్ మోగింది. ఆ దలెందాయే, పక్క వీధిలో ఉంటుంది.

"పేజీ చూశానే నజీహా, దిష్టి తగలకుండుగాక! అది సరే గానీ, మీ ఆయన మున్జీ ఇంట్లోనే ఉన్నాడా? నువ్వేం బెంగపెట్టుకోకు. ఈ వయసులో మగాళ్లకి ఓ పిచ్చి పడుతుంది, అదే పోతుంది."

"ఏంటే నువ్వనేది?"

"చట్టాల పుస్తకాల దగ్గర చూడు తల్లీ!"

చూసింది. విడాకుల చట్టం మీద ఉన్న ఒకే ఒక్క పుస్తకం పక్కన తన భర్త పేరు. తను శిక్షణలో ఉన్నప్పుడే తోటి ఉద్యోగి బషీర్ దగ్గర తీసుకున్నాడు. ఆ నెల కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించిందీ బషీరే. ఊరంతా చూసేసిన సంగతి తనకే చివర తెలిసింది.

సార్డీన్ చేపల సంచితో మున్జీ లోపలికొచ్చాడు.

"ఇరవై నాలుగేళ్ల కాపురం. నన్ను వదిలేయడానికి పుస్తకం నా లైబ్రరీలోనే దొరికిందా?"

తెర చూసి మున్జీ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అది నాకోసం కాదు నజీహా."

"మరెవరికి?"

"మాటిచ్చాను. చెప్పలేను."

"కట్టుకున్నదానికి కూడానా?"

"ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో అడిగిన ప్రతివాడికీ చెప్పే మనిషివి నువ్వు! నీకెలా చెప్పను?"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. నజీహా ఏడుస్తూ వీధి తలుపు తీసింది. "చెప్పలేకపోతే ఆ చేపలతో సహా బయటికి నడు!"

గుమ్మంలో మున్జీ చెల్లెలు రఫీకా నిలబడి ఉంది. చేతిలో పెద్ద సంచీ. బాగా ఏడ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అన్నయ్యని ఏమీ అనకు వదినా. ఆ పుస్తకం నాకోసం తెచ్చాడు."

నజీహా ఆమెను లోపలికి తీసుకొచ్చింది. కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. రఫీకా మెల్లగా చెప్పింది.

"పొద్దున్నే మా ఆయన ఆ పేజీ చూసి పడీపడీ నవ్వాడు. 'మీ అన్న సంసారం కూలుతోందోయ్, పెద్ద నీతిమంతుడు!' అన్నాడు. నన్ను కొట్టినా మూడేళ్లు నోరెత్తలేదు. అన్నయ్యని అంటే మాత్రం ఓర్చుకోలేకపోయాను. 'కూలేది మన సంసారం. ఆ పుస్తకం చదివింది నేను' అనేశాను. అనేసి సంచీ తీసుకుని వచ్చేశాను."

నజీహా ఆమెను గుండెకు హత్తుకుంది. "నా తెలివితక్కువ పని నిన్ను రోడ్డున పడేసింది తల్లీ!"

"లేదు వదినా. ఎంత తేలిగ్గా ఉందో తెలుసా? నాకై నేను ఈ జన్మలో చెప్పలేకపోయేదాన్ని."

కానీ నజీహాకు ఊళ్లోని మిగతా ఇళ్లు గుర్తొచ్చాయి. పిల్లలు కలగడం లేదని పుస్తకాలు తీసుకెళ్లినవాళ్లు, బయటికి చెప్పుకోలేని జబ్బుల గురించి చదివేవాళ్లు, అందరి పేర్లూ అక్కడే ఉన్నాయి. గబగబా కూర్చుని ఆ వరస మొత్తం తీసేసింది. ఇకమీదట నోటితోనూ చెప్పనని ఒట్టు పెట్టుకుంది. మున్జీ వెనకే నిలబడి, పేర్లన్నీ పోయాక గట్టిగా ఊపిరి వదిలాడు.

"హమ్మయ్య! ఇంక నేను ఇంట్లోనే ఉండొచ్చా?"

"ముందు చేపలు కడుగు," అంది నజీహా కళ్లు తుడుచుకుంటూ.

రఫీకా సంచీలోంచి పుస్తకం తీసింది. "వదినా, ఇంకో రెండు వారాలు ఉంచుకోనా? ఈసారి నా పేరు మీదే రాయి."

"రాస్తాను తల్లీ. నీకూ నాకూ తప్ప మూడో కంటికి కనబడదు."