ఉరిగుంటలో గొంతు

ఆ జైల్లో ఉరికొట్టం దగ్గరికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. పగలైనా అంతే, పనిబడితే తప్ప అటు తొంగిచూడరు. వెనక గోడకి ఆనించి కట్టిన రేకుల కొట్టం అది. లోపల ఎత్తుగా చెక్కల అరుగు, దాని మీద అడ్డదూలం, పక్కన ఇనప లివరు. లివరు లాగితే కాళ్ళ కింద చెక్కలు రెండుగా తెరుచుకుంటాయి. వాటి కింద గుంట. అందులోకి దిగడానికి పక్కనుంచి ఇరుకు మెట్లు.

చెడ్డపేరంతా ఆ గుంటకే. రాత్రిపూట అందులోంచి గొంతు వినిపిస్తుందని చెప్పుకుంటారు.

ఎవరి గొంతంటారా... తంటా అంతా అక్కడే. వంటవాడు వింటే చచ్చిపోయిన వాళ్ళ నాన్న గొంతట. ఊడ్చే ఆవిడ వింటే వదిలేసి పోయిన మొగుడి గొంతట. ఒక ముసలి వార్డరుకి వాళ్ళ మేనత్త తిట్లు వినపడ్డాయి, మర్నాడే బదిలీకి అర్జీ పెట్టుకున్నాడు. ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ పొంతన లేదు. అందుకే పై అధికారులు నవ్వేవాళ్ళు. గాలికి రేకు కదిలితే చాలు, మీకు చుట్టాలంతా దిగుతారు అని ఎగతాళి చేసేవాళ్ళు. అలా నవ్విన మహానుభావుల్లో ఒక్కడూ రాత్రి అక్కడ నిలబడలేదనుకోండి.

నిలబడినవాడి కథ ఇది. ఆయన గేటు దగ్గర వార్డరు. తోటివాళ్ళు మొండాయన అనేవాళ్ళు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే మూడే, నాలుగోది చేతికిచ్చి చూపించినా ఒప్పుకునే రకం కాదు.

మొండాయన బావని ఎవరో చంపేశారు. బావంటే అక్క మొగుడు, సొంత లారీలు తిప్పుకునే మనిషి. ఒక రాత్రి కరెంటు పోయి ఇల్లంతా చీకటిగా ఉన్నప్పుడు పెరటి తలుపు దగ్గర ఎవరో పిలిచారు. "ఒకసారి బయటికి రండి..." అంతే. బావ బయటికెళ్ళాడు, కత్తిపోట్లు తిని గడపలోనే కూలిపోయాడు.

లోపల మంచం మీదున్న అక్క మొహం చూడలేదు. గొంతు వింది. అది తమ దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసి, గొడవపడి మానేసిన డ్రైవరు గొంతేనని కోర్టులో బోనెక్కి చెప్పింది. కత్తి దొరకలేదు. చూసిన మనిషి ఇంకొకరు లేరు. అయినా రోజూ ఇంట్లో మసిలినవాడి గొంతు ఇల్లాలికి తెలియకుండా ఉంటుందా అని కోర్టు నమ్మింది. డ్రైవరుకి ఉరి పడింది. పై కోర్టులు అయ్యాయి, క్షమాభిక్ష అర్జీ కూడా తిరిగొచ్చింది. చివరికి వాణ్ణి ఉరికొట్టం ఉన్న ఈ జైలుకి తెచ్చారు.

కేసు నడిచింది ఇంకో ఊళ్ళో. సాక్షి తన అక్కేనని మొండాయన ఎవరితోనూ అనలేదు. అంటే ఆ ఛాయలకి కూడా రానివ్వరని తెలుసు. డ్రైవరు కంట పడకుండా గేటు దగ్గరే తిరిగాడు. ఉరి తీసే పెద్దాయన పోయాక ఆ పనికి మనిషి దొరకలేదు. వార్డర్లలో ఎవరైనా లివరు లాగుతారా అని సూపరింటెండెంట్ అడిగితే అందరూ నేలచూపులు చూశారు. మొండాయన ఒక్కడే చెయ్యెత్తాడు. బావ పోయిన దగ్గర్నుంచీ ఆయన కడుపులో రగులుతున్న మంట అదొక్కటే, వాడు చావాలి, అదీ తన చేతుల్లో చావాలి.

ఉరికి ముందురోజు సాయంత్రం తాడు కట్టారు. కొత్త తాడు సాగుతుంది కదా, అందుకని ఖైదీ బరువుకి సరిపడా ఇసక నింపిన బస్తాని కట్టి, చెక్కలు తెరిచి, రాత్రంతా గుంటలోకి వేలాడదీస్తారు. తెల్లారేసరికి తాడు సాగాల్సినంత సాగి ఊరుకుంటుంది. తాడుని ఎవరూ ముట్టుకోకుండా, లివరు లాగబోయేవాడే రాత్రి కాపలా ఉండాలి. అక్కడి పద్ధతి అది.

బస్తా సరిగ్గా వేలాడుతోందో లేదో చూడ్డానికి జైలు డాక్టరు వచ్చాడు. ఆయనకీ మొండాయనకీ ఉరి మాటెత్తితే ఉప్పూ నిప్పూ.

"చంపినవాణ్ణి చంపకపోతే ఈ కోర్టులెందుకు డాక్టరుగారూ?" అన్నాడు మొండాయన, ముడి బిగిస్తూ.

"చంపడానికే అయితే కోర్టులెందుకయ్యా, కత్తి చాలదూ?"

"ఒకణ్ణి ఉరేస్తే పదిమందికి భయం ఉంటుంది."

"ఇంత ఎత్తు గోడల మధ్య, తెల్లారకముందు... చూసేదెవరు? నువ్వూ నేనూ. మనం ఎవర్ని చంపబోతున్నామని మనకి ఆ భయం?"

"మీ ఇంట్లో మనిషి పోతే ఇలాగే మాట్లాడతారా?"

డాక్టరు బస్తా మీంచి చెయ్యి తీశాడు. "మాట్లాడను. వాడి పీక నేనే పిసుకుతానంటాను. అందుకే ఆ పని నా చేతికివ్వకూడదు."

ఆ మాట మొండాయనకి ఎక్కడో తగిలింది. తగిలినకొద్దీ ఒళ్ళు మండింది. ఈ తెల్లకోటువాళ్ళకి పోయినవాళ్ళ మీద ఉండదు గానీ చంపినవాళ్ళ మీద ఎక్కడలేని జాలి పుట్టుకొస్తుంది అనుకున్నాడు.

"జైల్లో పెట్టినవాణ్ణి పొరపాటని తెలిస్తే వదలొచ్చు," అన్నాడు డాక్టరు వెళ్ళబోతూ. "ఉరేసినవాణ్ణి తాడు మీంచి దించడం తప్ప మనం చెయ్యగలిగిందేమీ లేదు."

"పొరపాటు లేదు. సాక్షి ఉంది," అన్నాడు మొండాయన పళ్ళు నూరుతూ.

రాత్రయింది. బ్యారకుల్లో దగ్గులూ సణుగుళ్ళూ సద్దుమణిగాయి. ఉరి ముందురాత్రి ఖైదీలెవరూ నిద్రపోరు, కానీ నోరు మెదపరు. మొండాయన కొట్టం గుమ్మంలో స్టూలు వేసుకుని, టార్చి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

కిర్రు... కిర్రు...

తాడు. బస్తా ఊగుతోంది కాబోలు అనుకున్నాడు. అనుకున్నాక తోచింది — గాలి లేదు. చొక్కా ఒంటికి అంటుకుపోయేంత ఉక్క. ఆకు కూడా కదలని రాత్రి బరువైన ఇసకబస్తా ఎందుకు ఊగుతుంది?

లేచి టార్చి వెయ్యబోయాడు. అప్పుడు వినపడింది... గుంటలోంచి, గుసగుసగా —

"ఒకసారి బయటికి రండి..."

మొండాయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎవరది?"

"నేనే..."

"నేనంటే?"

"నీకు తెలుసుగా..."

తెలుసు. ఎందుకు తెలియదు? బావ ఇంటి వసారాలో కూర్చుని ఎన్నిసార్లు విన్నాడు ఆ గొంతు. లావుపాటి, బొంగురు గొంతు. డ్రైవరు గొంతు. వాడు ఎలాగో సెల్లులోంచి తప్పించుకుని ఇక్కడికి వచ్చి దాక్కున్నాడన్నమాట. భయం పోయి, దాని చోట కసి లేచింది.

"డ్రైవరువి కదూ నువ్వు?"

కొంచెంసేపు తాడు చప్పుడొక్కటే. తర్వాత —

"నువ్వలా అంటే... నేనే."

"మా బావని పొడిచింది నువ్వే కదూ?"

"నువ్వలా అంటే... నేనే."

ఇన్నేళ్ళుగా కోర్టుల్లో ఒప్పుకోనివాడు ఇప్పుడు ఒప్పుకున్నాడు. తెల్లారేదాకా ఆగడం దేనికి అనుకున్నాడు మొండాయన. టార్చి ఎత్తి పట్టుకుని, మెట్ల మీద దడదడా దిగాడు.

గుంటలో ఎవరూ లేరు.

నాలుగు గోడలు, తడి వాసన, మధ్యలో వేలాడుతున్న బస్తా. మెట్లు తప్ప ఇంకో దారి లేదు, ఆ మెట్ల మీదే తను ఉన్నాడు. బస్తా వెనక్కి వెళ్ళి చూశాడు. గోడకి చెయ్యి ఆనించి చుట్టూ తడిమాడు. బస్తా అప్పుడే ఎవరో వదిలినట్టు నెమ్మదిగా తిరుగుతోంది... తిరిగి తిరిగి, ఆయన భుజానికి తగిలి ఆగింది.

మెట్లు ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. కాపలా వదిలేసి ఉరిఖైదీల సెల్లు దాకా ఒకటే పరుగు. అక్కడ కాపలా వార్డర్లు ఇద్దరూ బల్ల మీద కూర్చుని ఉన్నారు. కటకటాలకి తాళం వేసే ఉంది.

"వాడేడి?" అన్నాడు రొప్పుతూ.

"ఎక్కడికెళ్తాడన్నా? లోపలే ఉన్నాడు. సాయంత్రం నుంచీ తలుపే తియ్యలేదు."

"అబద్ధమాడకండి. ఇప్పుడే గుంటలో మాట్లాడాడు. వాడి గొంతు నాకు తెలియదా? ఏ కోర్టులో నిలబెట్టినా చెప్తాను."

వార్డర్లు మొహాలు చూసుకున్నారు. ఒకడు పక్కకి జరిగి లోపలికి చూపించాడు. గోడకి ఆనుకుని కూర్చున్న డ్రైవరు తలెత్తాడు. వెలుతురులో మొండాయన్ని గుర్తుపట్టాడు.

"మీరా..." అన్నాడు. "ఇంకా ఏం కావాలి మీ ఇంట్లోవాళ్ళకి?"

మొండాయన కటకటాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. డ్రైవరుది సన్నటి గొంతు. ముక్కుతో మాట్లాడినట్టు, కీచుగా ఉండే గొంతు.

"వీడికి జలుబు చేసిందా?" అన్నాడు చివరికి.

"జలుబూ లేదు గిలుబూ లేదు. వచ్చిన దగ్గర్నుంచీ అదే గొంతు," అన్నాడు వార్డరు. "అవునన్నా... మీ ఇంట్లోవాళ్ళేంటి?"

మొండాయన అప్పటికే వెనక్కి తిరిగాడు. ఇందాక గుంటలో విన్నది ఈ గొంతు కాదు. దీనికీ దానికీ ఎక్కడా పోలిక లేదు. మరి దాన్ని విన్నప్పుడు, వసారాలో విన్నది ఇదేనని అంత బాగా ఎలా గుర్తొచ్చింది? బల్లగుద్ది చెప్పేవాడే. ప్రాణం పెట్టి ఒట్టేసేవాడే.

గేటు గదిలో ఫోనుంది. అక్క ఒక్క రింగుకే ఎత్తింది. ఆమె కూడా పడుకోలేదు.

"అయిపోయిందా?" అంది.

"ఇంకా లేదు. అక్కా... ఆ రాత్రి నువ్వు విన్న గొంతు... లావుగా ఉందా, సన్నగా ఉందా?"

అవతల తలుపు గడియ వేసిన చప్పుడు.

"చెప్పవే."

"ఇప్పుడెందుకురా అది?"

"చెప్పు."

"గుర్తులేదురా," అంది అక్క. "ఆ రాత్రి అది ఎవరిదో నాకు తెలియలేదు. నిద్రమత్తులో ఉన్నాను. పొద్దున్న నువ్వొచ్చి, ఆ డ్రైవరుగాడే అయ్యుంటాడన్నావు. అప్పట్నుంచీ తల్చుకున్నప్పుడల్లా నాకూ వాడిలాగే వినపడింది."

"మరి కోర్టులో..."

"కోర్టులో జడ్జిగారు, వీడేనా అమ్మా, బాగా ఆలోచించుకుని చెప్పు అన్నారు. నీకేసి చూశాను. నువ్వు తలూపావు కదరా."

ఫోను పెట్టేసి బయటికొచ్చేసరికి సూపరింటెండెంట్, డాక్టరు గేటు లోపలికి వస్తున్నారు. తెల్లారడానికి ఇంకా టైముంది. సెల్లు వైపు లైట్లు వెలిగాయి.

మొండాయన వాళ్ళకి అడ్డంగా నిలబడ్డాడు. "సార్, ఆపండి. సాక్షికి ఆ గొంతు ఎవరిదో తెలియదు సార్. సాక్షి మా అక్క. నేను దాచాను, నా ఉద్యోగం తీసెయ్యండి, కేసు పెట్టండి. కానీ వాడు కాదేమో సార్."

సూపరింటెండెంట్ మొహం గంటుపెట్టుకున్నాడు. "మీ అక్క సంగతి తర్వాత చూస్తాను. ఎవరు చెప్పారు నీకీ మాట?"

"తనే చెప్పింది. ఇప్పుడే ఫోన్లో."

"రాసిచ్చిందా?"

"లేదు సార్."

"ఎదురుగా నిలబడి చెప్పిందా? మొహం చూశావా?"

"ఫోన్లో మొహం ఎలా కనపడుతుంది సార్? మా అక్క గొంతు నాకు తెలియదా?"

"సార్, పైకి ఒక్క ఫోను చేసి చూద్దాం..." అన్నాడు డాక్టరు మెల్లగా. సూపరింటెండెంట్ ఆయన వైపు తిరగనైనా తిరగలేదు. చేతి గడియారం చూసుకున్నాడు. సెల్లు దగ్గరున్న వార్డర్లలో ఒకణ్ణి పిలిచి, లివరు దగ్గర నువ్వుండు అన్నాడు. మొండాయన్ని గేటు బయటికి పంపి తాళం వెయ్యమన్నాడు.

"చీకట్లో ఫోన్లో ఏదో గొంతు విన్నానని చెప్తే ఉరి ఆపేస్తారటయ్యా?" అన్నాడు వెళ్తూ వెళ్తూ, విసుగ్గా. "ఏ కోర్టు ఒప్పుకుంటుంది?"

కాసేపటికి చెక్కలు తెరుచుకున్న చప్పుడు గేటు బయటిదాకా వినపడింది.