ఉత్తరపు గోడ వారన మూడో గొయ్యి

మా ఊరి చర్చి వెనక ఉత్తరపు గోడ ఉంది చూశారూ, దానికి ఏనాడూ మంచి పేరు లేదు. పట్టపగలే అటు వెళ్లాలంటే జనం జంకుతారు. ఇక ఏడాదిలోకెల్లా పొడుగైన రాత్రి సంగతి చెప్పక్కర్లేదు... ఆ రాత్రి నోరు మెదపకుండా చర్చి చుట్టూ ఎడమచేతి వైపుగా మూడుసార్లు తిరిగితే, వచ్చే ఏడాది పోయేవాళ్ల గోతులు ముందే కనిపిస్తాయట. చర్చి కట్టిననాటి నుంచీ ఉన్న నమ్మకం అది. పాస్టరుగారు ఎంత తిట్టినా పోలేదు.

కాటికాపరి హోకన్ చెప్పగా మా నాయనమ్మ విన్న సంగతి ఇది.

సిస్సా ఈ ఊరి కోడలై రెండేళ్లే అయింది. పుట్టిల్లు ఎక్కడో దక్షిణాన, సముద్రం ఒడ్డున. ఆమె పొట్టి మనిషి, మొగుడు ట్రూల్స్ మాత్రం తాడిచెట్టంత మనిషి, గుమ్మం దాటాలంటే తల వంచాల్సిందే. అలాంటివాడు శరత్కాలంలో మంచం పట్టాడు, నెత్తురు దగ్గుతున్నాడు. వైద్యుడు పెదవి విరిచేశాడు. ఉంటాడో పోతాడో తెలియకుండా ఇంకొక్క రోజు బతకలేననుకుంది సిస్సా.

నియమాలు పక్కింటి ముసలావిడ చెప్పింది. పగలంతా చీకటి గదిలో ఉండాలి. తిండి తినకూడదు, నిప్పు చూడకూడదు.

"నోరు మాత్రం విప్పకే తల్లీ! ఎవరు పలకరించినా సరే... పలికావో, చూసినవాటిలో ఒకటి నీ నెత్తికే చుట్టుకుంటుంది."

మొదటి చుట్టులో ఏమీ లేదు. రెండో చుట్టులోనూ లేదు. తన బూట్ల కింద మంచు కరకరలాడడమే వినిపిస్తోంది.

మూడో చుట్టులో... నల్లగా నోళ్లు తెరుచుకుని రెండు గోతులు!

రెండూ పొడుగువే. ట్రూల్స్‌కి సరిగ్గా సరిపోయేంత. ఇంకా ఉన్నాయేమోనని చూస్తే, గోడ వారన మూడోది కనిపించింది. దాని అంచుదాకా వెళ్లి వంగి చూసింది. పొట్టిది. ఇది ట్రూల్స్‌కి చాలదు — అనుకుని మళ్లీ ఆ పొడుగు గోతుల దగ్గరికే వచ్చింది.

అప్పుడు వాటిలో ఒకదానిలోంచి ఒక చెయ్యి పైకి వచ్చింది.

కేక గొంతులోనే అణిచేసుకుంది సిస్సా. చెయ్యి వెనకే లాంతరు, లాంతరు వెనకే తెల్లటి గడ్డం...

"ఎవరది? మనిషివా, దెయ్యానివా? పలుకు!"

ఆమె పలకలేదు. ముసలి హోకన్ లాంతరు ఎత్తి ఆమె మొహం చూసి పకపకా నవ్వాడు.

"ఓసి పిచ్చిమొహమా! ట్రూల్స్ పెళ్లానివి కదూ? ఇవి నేను తవ్వినవేనే! నేల గడ్డకట్టాక గునపం దిగి చస్తుందా? అందుకే ఏటా ముందుగానే రెండు తవ్వి, పలకలేసి గడ్డి కప్పుతా. ఎవరికైనా సరిపోవాలని పొడుగ్గా తవ్వుతా, అంతే. తెల్లారి ప్రార్థనకి చర్చిలో చలిపొయ్యి రాజేద్దామని వచ్చా. చూస్తే ఇప్పుడే గాలికి కప్పు కాస్తా ఎగిరి పలకలు లోపల పడ్డాయి. తీద్దామని దిగితే లాంతరు ఆరింది, మళ్లీ వెలిగించుకునేసరికి నువ్వు!"

సిస్సాకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నియమం సంగతే మరిచిపోయింది.

"నీ నోట్లో పంచదార పొయ్య, తాతా! ఎంత భయపడి చచ్చాననుకున్నావు! అవునూ, మూడోది మాత్రం అంత పొట్టిగా తవ్వావేం?"

హోకన్ నవ్వు ఆగిపోయింది.

"మూడోదా...?"

"అదిగో, గోడ వారన."

ఆయన లాంతరు పట్టుకుని నడిచాడు. సిస్సా వెనకే వెళ్లింది. గోడ వారన గొయ్యీ లేదు, గుంటా లేదు. మోకాలి లోతు మంచు చదునుగా పరుచుకుని ఉంది. దాని మీద సిస్సా బూట్ల అచ్చులు మాత్రం ఉన్నాయి. గోడ దాకా వెళ్లి, అక్కడ ఆగిపోయాయి.

వెళ్లినవే. తిరిగొచ్చినవి ఒక్కటీ లేవు.

"నువ్వు... ఎటు నుంచి తిరిగొచ్చావమ్మా?" గుసగుసగా అడిగాడు హోకన్.

అంత పొట్టి గొయ్యి ఎవరికి సరిపోతుందో సిస్సాకి అప్పుడు తట్టింది.

"అయితే... అది ట్రూల్స్‌ది కాదు కదా తాతా?" అంది.

మంచు కరిగే రోజులకి ట్రూల్స్ లేచి నడిచాడు. గుమ్మం దగ్గర తల వంచుకుని, ఒక్కడే బయటికి వచ్చాడు.