చదివేవాడి కన్ను

ప్రొఫెసర్ చచ్చిపోయింది తన లైబ్రరీ బేస్‌మెంట్‌లోనే, రెండు ర్యాకుల మధ్య.

అవి పట్టాల మీద జరిగే ఇనప ర్యాకులు. జాగా కలిసొస్తుందని అన్నిటినీ ఒకదానికొకటి ఆనించి పెడతారు. కావలసినచోట చక్రం తిప్పితే మనిషి పట్టేంత సందు విచ్చుకుంటుంది. ప్రొఫెసర్ ఆ సందులో నిలబడి పాత పత్రిక వెతుక్కుంటుంటే బయట ఎవరో చక్రం తిప్పారు. "ఉన్నానండీ, లోపల ఉన్నాను," అన్నాడాయన మర్యాదగా. తర్వాత అరిచాడు. చక్రం ఆగలేదు. పక్కటెముకలు పటపట విరిగాయి, నోట్లోంచి రక్తం పత్రిక మీద పడింది. పైన రీడింగ్ రూములో ఎవరికీ ఏమీ వినబడలేదు. అక్కడ నిశ్శబ్దం పాటించమని బోర్డు ఉంది, అందరూ బుద్ధిగా పాటిస్తున్నారు.

"యాక్సిడెంట్ అని రాసుకున్నారు," అన్నాడు పెద్దాయన. టైర్ల షాపు మీద గదిలో కూర్చుని గూఢచారులను నడిపే మనిషి ఆయన. "కాదు. చక్రానికి బైండింగ్ జిగురు అంటుకుని ఉంది."

ఎదురుగా కూర్చున్న ఏజెంటును డిపార్ట్‌మెంట్‌లో దర్జీ అంటారు. మొదటి మిషన్‌లో టైలర్ వేషం వేసి, ఒక్క చొక్కా కూడా తిన్నగా కుట్టలేకపోయాడు. ఆ పేరు మాత్రం చక్కగా అతికింది.

"ఆయన చెప్పే సబ్జెక్ట్ ఏంటి సార్?"

"ఇన్ఫర్మేషన్ రిట్రీవల్. లైబ్రరీ సైన్స్ పీజీలో ఒక పేపర్. లక్షల కాగితాల్లోంచి కావలసిన ఒక్కదాన్ని బయటికి లాగే విద్య. ఆ క్లాసుకి ఒక విదేశీ ఫౌండేషన్ ప్రాజెక్ట్ ఇచ్చింది. ఊళ్ళో కరెంటు దరఖాస్తులు, ఆసుపత్రి చీటీలు, అద్దె ఒప్పందాలు, అన్నీ స్కాన్ చేసి పెట్టింది. స్టూడెంట్లు చదివి 'పనికొస్తుంది', 'పనికిరాదు' అని నొక్కాలి. అది చూసి మెషీన్ నేర్చుకుంటుంది."

"వెతికేది దేన్ని?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక ఆడమనిషిని. ఒంటరిగా ఉంటుంది. ఎడమచేతి వాటం. ఉబ్బసం. ఈ మధ్యే ఇల్లు మారింది. అది పసిగట్టినందుకే ప్రొఫెసర్ పోయాడు."

దర్జీ టీ గ్లాసు కింద పెట్టేశాడు. అది అతని అక్క.

ఆవిడ ఒకప్పుడు ఒక విదేశీ కంపెనీలో దుభాషి. ఆ కంపెనీ అమ్మేది ఆయుధాలని తెలిసిన రోజు తిన్నగా కోర్టుకి వెళ్ళి సాక్ష్యం చెప్పింది. ముఠా నాయకుడు జైలుకి పోయాడు. సోమవారం అప్పీలు. ఆవిడ బతికుంటే వాడు లోపల, లేకపోతే బయట. డిపార్ట్‌మెంట్ ఆవిడను పేరు మార్చి దాచింది. ఎక్కడన్నది తమ్ముడికి కూడా చెప్పలేదు. ఎవరికి తెలిసినా ఆవిడ మళ్ళీ ఇల్లు మారవలసిందే, అది రూలు. ఇప్పటికే ఇళ్ళు మారి మారి విసిగిపోయిందనీ, ఈసారి కుదురుకుని కుండీల్లో మొక్కలు పెట్టుకుందనీ పెద్దాయన ఒకసారి నోరు జారాడు. తమ్ముడికి దక్కిన కబురు అంతే.

"సొంత మనిషిని ఎందుకు పంపుతున్నారు?"

"లోపల మన మనిషి ఒకావిడ ఉంది, ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్. నువ్వే కావాలని అడిగింది. వెళ్ళు. చదువుకో."

పిల్లిగడ్డం, సోడాబుడ్డి కళ్ళద్దాలు తగిలించుకుని దర్జీ స్టూడెంటయ్యాడు. ల్యాబ్ గుమ్మంలో హైహీల్స్ చప్పుడు వినగానే కుర్రకారంతా తలలు తిప్పారు. ఇన్‌స్ట్రక్టర్ వచ్చింది. మెడలో బూడిదరంగు సిల్క్ స్కార్ఫ్, పెదవుల మీద అద్దెకి తెచ్చుకున్నంత అందమైన నవ్వు.

"ఈ పుస్తకానికి రెండో కాపీ ఉందా మేడమ్?" అన్నాడు దర్జీ.

"ఉంది. అట్ట చిరిగింది."

కోడ్ కలిసింది. ఆవిడ అతనికి కిటికీ పక్క సీటు చూపించింది.

ఆ మధ్యాహ్నం అతను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ప్రొఫెసర్ ఆఖరి పాఠం రికార్డింగ్ విన్నాడు. పాపం, మంచి మేష్టారు. "పనికొచ్చేదేదో కాగితంలో రాసి ఉండదు నాయనా," అంటున్నాడాయన. "అది చదివేవాడిలో ఉంటుంది. వాడి కన్ను ఎక్కడ ఆగిందో కనిపెట్టగలిగితే, వాడు నొక్కకపోయినా మనకి తెలిసిపోతుంది."

దర్జీ తలెత్తి తన మానిటర్ వైపు చూశాడు. పై అంచున మినపగింజంత నల్లటి గాజు బొట్టు ఉంది. చుట్టుపక్కల ఏ మానిటర్‌కీ లేదు. అతను ఏమీ ఎరగనట్టు స్క్రీన్ మీద కాగితాలు తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత వీధిలోకి వెళ్ళి లాండ్రీకి ఫోన్ చేసి, చొక్కా కాలరు నంబరు తప్పు వేశారని వాళ్ళతో పెద్ద గొడవ పెట్టుకున్నాడు.

మర్నాడు కాగితాలు ఒక్కొక్కటే స్క్రీన్ మీదికి వచ్చాయి. పనికిరాదు. పనికిరాదు. పనికొస్తుంది. ఒక కరెంటు దరఖాస్తు దగ్గర అతని కన్ను ఆగింది. నుదురు తుడుచుకున్నాడు. చుట్టూ చూసి, 'పనికిరాదు' నొక్కి, గబగబా ముందుకి వెళ్ళిపోయాడు.

లంచ్ బెల్ కొట్టగానే మేడమ్ వచ్చి మెల్లిగా అంది: "బేస్‌మెంట్‌కి రండి. ప్రొఫెసర్ ఏదో దాచి పోయాడు."

ర్యాకుల సందులోకి అతను ముందు నడిచాడు. వెనక్కి తిరిగేసరికి సందు ఆ చివర ఆవిడ, చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్. ఈ చివర చక్రం పట్టుకుని లైబ్రరీ బైండర్, ఎడ్లబండిలాంటి మనిషి, వేళ్ళ నిండా జిగురు.

"మా మెషీన్ చాలామంది ఆడవాళ్ళని చూపించింది," అంది ఆవిడ. "అందర్నీ చంపుకుంటూ పోతే ఊరు గోలెత్తుతుంది. మీ అక్క ఎవరో సొంతవాళ్ళే గుర్తుపట్టాలి. అందుకే నిన్ను పిలిపించాం. నువ్వు నొక్కింది మాకక్కర్లేదు. నీ కన్ను ఆగింది, చాలు."

ఆవిడ ఫోన్ స్పీకర్లో పెట్టి ర్యాకు మీద ఉంచింది. అవతల మెట్లెక్కుతున్న బూట్ల చప్పుడు.

"మావాళ్ళు ఆ ఇంటి గుమ్మంలో ఉన్నారు. ఆఖరిసారి అక్క గొంతు విను."

"నన్ను చంపండి," అన్నాడు దర్జీ. "అక్కని వదిలెయ్యండి. అమ్మ పోయాక నన్ను ఎత్తుకు పెంచింది."

అందులో సగమే నటన.

బైండర్ చక్రం తిప్పాడు. ఇనుము రెండువైపుల నుంచీ జరిగి దర్జీ ఛాతీని పట్టింది. కాలికి తగిలిన ఎత్తుపీటను అతను పట్టాల మీదికి తన్నాడు. ర్యాకు దానికి తట్టుకుని కీచుమంది. ఒక ఎముక విరిగింది. ఇంకొకటి. బైండర్ బూతు తిడుతూ ఒళ్ళంతా బరువు వేసి తోస్తున్నాడు. ఫోన్‌లో తలుపు తట్టిన చప్పుడు.

"ఎవరూ?" అంది ఒక ఆడగొంతు.

మేడమ్ నవ్వింది. ఆ నవ్వు పూర్తి కాకుండానే తుపాకులు మోగాయి. కేకలు, ఎవరో మెట్ల మీంచి దొర్లిన చప్పుడు, మళ్ళీ కాల్పులు. ఆపైన అదే ఆడగొంతు నింపాదిగా పలికింది: "లాండ్రీ నుంచి. మీ చొక్కాలు నాలుగూ ఉతికేశాం. రక్తం మరకలు పోవు, ఏమనుకోకండి."

మేడమ్ ఫోన్ వైపు తిరిగింది. ఆ క్షణం చాలింది. దర్జీ అరల మీద కాళ్ళు మోపి నిచ్చెనలా పైకి పాకి, ర్యాకు మీంచి బైండర్ నెత్తిన పడ్డాడు. బైండర్ జేబులోంచి పుస్తకాలు కుట్టే ఆర లాగి అతని అరచేతిలో ఇవతల నుంచి అవతలికి దించాడు. దర్జీ ఆ చేత్తోనే వాడి జుట్టు దొరకబుచ్చుకుని, మొహాన్ని చక్రం ఊచలకేసి కొట్టాడు. పళ్ళు రాలాయి. మళ్ళీ కొట్టాడు. మేడమ్ సందులోంచి కాల్చింది. గుండు బైండర్ మెడలో దూసుకుపోయింది, ఆ పెద్ద శరీరం మూటలా కూలింది.

ర్యాకులు చుట్టి రావడం ఆలస్యమని ఆవిడ పిస్టల్ చాచి, పక్కకి తిరిగి ఇరుకు సందులోకి దూసుకొచ్చింది. దర్జీ పీటను కాలితో ఇవతలికి లాగి, చక్రాన్ని బలంకొద్దీ తిప్పాడు. ఇనుము ఆవిడ మణికట్టును పట్టింది. ఎముక ఫట్‌మంది, పిస్టల్ జారిపడింది. ర్యాకు ఆవిడ ఒంటికి బిగిసింది.

"ఆపు," అంది ఆవిడ. "ఊపిరాడట్లేదు. ఆపు."

అతను ఆపాడు. ఇంకో చుట్టు తిప్పమని చేతులు ఎంత పీకుతున్నా ఆపాడు. ఆవిడ చెప్పవలసిన పేర్లు చాలా ఉన్నాయి.

"అది ఎవరి ఇల్లు?" అంది పళ్ళ బిగువున.

"మా సేఫ్ హౌస్. కరెంటు మీటరు ఎప్పుడూ ఒంటరి ఆడమనిషి పేరు మీద పెట్టించడం పెద్దాయన అలవాటు. ఆ దొంగపేరు నీకు తెలియదు, నాకు తెలుసు. నిన్నే చూసి పెట్టుకుని, ఆ ఇంటి నంబరు లాండ్రీలో ఉన్న మావాళ్ళకి చెప్పాను."

సోమవారం సాక్షి తెర వెనక నుంచి మాట్లాడింది. అప్పీలు కొట్టేశారు. టైర్ల షాపు మీద గదిలో ఛాతీకి కట్లతో దర్జీ నిటారుగా కూర్చున్నాడు, వంగితే ప్రాణం పోతోంది.

"స్కాన్లన్నీ చెరిపించేశాను," అన్నాడు పెద్దాయన. "ఒక్క మాట అడుగుతాను. ఆ కాగితాల్లో మీ అక్కది నీకు కనబడిందా?"

కనబడింది. ఒక ఆసుపత్రి చీటీ, సేఫ్ హౌస్ దరఖాస్తుకి కాస్త ముందు వచ్చింది. ఎడమకి వాలిన ఆ రాత అతనికి పలక మీద ఓనమాలు దిద్దించిన రాత. కొత్త పేరు, వీధి, ఇంటి నంబరు. అత్యవసరమైతే ఎవరికి తెలియజేయాలి అన్నచోట, 'ఎవరూ లేరు'. ముందు కాగితాన్ని చూసినంతసేపే దాన్నీ చూసి, 'పనికిరాదు' నొక్కి వెళ్ళిపోయాడు. అక్కడ కన్ను ఆగకుండా పట్టుకోవడానికి పడ్డ బాధ ముందు ఈ ఎముకలు ఒక లెక్క కాదు. ఔనంటే రేపే ఆవిడ ఆ కుండీలు వదిలేసి మరో ఇల్లు చూసుకోవాలి.

"లేదు సార్," అన్నాడు దర్జీ.

పెద్దాయన అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత ఫైలు దగ్గరికి లాక్కుని స్వయంగా రాశాడు: 'ఈ ఏజెంటుకి ఎదురుగా ఉన్నది కూడా కనబడదు. ఇలాంటి పనులకి ఇకముందు కూడా ఇతన్నే పంపాలి.'