దేవకుమారి పేరు మీద పన్ను

నరసాపురం తాలూకా కచేరీ ఎదుట తాటాకు పందిరి కింద కూర్చుని అర్జీలు రాసే లాజరుకి ఒక్కటే విద్య వచ్చు. ఎంత రాబడి ఉన్నవాడినైనా సరే ఏడాదికి అయిదు వందల రూపాయల లోపుకి దించెయ్యడం. దొరతనంవారు కొత్తగా పెట్టిన ఇన్‌కంటాక్సు ఆ అయిదు వందల దగ్గరే మొదలవుతుంది మరి. గానుగలవాళ్ళు, పొగాకు కొట్లవాళ్ళు, బెల్లం వ్యాపారులు ఆ పందిట్లోకి కళకళలాడుతూ వచ్చి, అర్జీలో నిరుపేదలై తిరిగి వెళ్ళేవారు. ఇదంతా నిజమేనా అని ఎవరైనా అడిగితే, ఖర్చులు మీరే కలిపి చూసుకోండి అని లాజరు నవ్వేవాడు.

ముసురు పట్టిన ఒక పొద్దున ఒక అమ్మాయి వచ్చి, కొంగు కింద తడవకుండా తెచ్చిన నోటీసు అతని ముందు పెట్టింది. ముతక తెల్లచీర, జాకెట్టు చేతులకి సన్నటి లేసు. లాజరు ముందు లేసుని చూశాడు. తర్వాత మొహం చూశాడు. చూడవలసిన దానికంటే కాస్త ఎక్కువసేపే చూశాడు. తేరుకుని, ఆమె వెనక మగవాళ్ళెవరైనా వస్తున్నారేమోనని వీధిలోకి తొంగి చూశాడు.

"ఎవరికోసమండీ వెతుకుతున్నారు?" అందామె.

"మీ తాలూకు పెద్దవాళ్ళెవరైనా..."

"నోటీసు తెచ్చింది నేనండి. మాట్లాడేదీ నేనే."

లాజరు గొంతు సవరించుకుని, కాగితమైనా చదవకుండా తన పాఠం మొదలుపెట్టాడు. కూలి తీసెయ్యొచ్చు, పడవవాడికిచ్చే కేవు తీసెయ్యొచ్చు, దీపం చమురు కూడా తీసెయ్యొచ్చు. అంతా తీసేస్తే మిగిలేదానికి పన్నే ఉండదన్నాడు. ఆమె ఓపిగ్గా విని, అతను ఊపిరి తీసుకోవడం కోసం ఆగినప్పుడు అడిగింది.

"తగ్గించమని ఎవరన్నారండీ? ఈ పన్ను నాకు వెయ్యమని అర్జీ రాయాలి."

లాజరు అప్పుడు గానీ నోటీసు చేతిలోకి తీసుకోలేదు. పన్ను తీసెయ్యమని కాళ్ళ మీద పడ్డవాళ్ళని చూశాడు గానీ, వెయ్యమని అడిగిన మనిషిని అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఆమె పేరు దేవకుమారి. తల్లి సంపూర్ణమ్మ మిషన్ దొరసానిగారి దగ్గర లేసు అల్లడం నేర్చుకుంటే, దాన్ని వ్యాపారం చేసింది మాత్రం కూతురే. ఇంటింటికీ నూలు తూచి ఇస్తుంది, అల్లిన లేసు తూచి తీసుకుంటుంది, కాలవ పడవ మీద రాజమహేంద్రవరం పంపుతుంది. ఈ మధ్య కచేరీ మనిషి వీధిలోకి వచ్చి ఈ వ్యాపారం ఎవరిదని అడిగాడు. అరుగు మీద కూర్చున్న ఆమె పెదనాన్న చిట్టియ్య "మాదే" అన్నాడు. ఆ మనిషి ఇంకో మాట అడగకుండా అతని పేరే రాసుకుపోయాడు. తీరా నోటీసు వచ్చాక చిట్టియ్య బాధపడడానికి బదులు సంబరపడ్డాడు. పన్ను తానే కడతానన్నాడు. వచ్చే నెల నుంచి నూలు తన ఇంట్లో తీసుకోమని అల్లేవాళ్ళకి కబురు కూడా పెట్టాడు. ఇక తన కొడుకు చూసుకుంటాడట, ఆడపిల్లకి ఎక్కడో పెళ్ళి చేసేస్తారట. రసీదు అతని పేరున పుట్టిందంటే దొరతనం దృష్టిలో వ్యాపారం అతనిదే.

"పన్ను ఆయన కడితే మీకు లాభమే కదండీ?" అన్నాడు లాజరు, అలవాటు కొద్దీ.

"ఆయన కట్టేది పది రూపాయలండి. పట్టుకుపోయేది నా ఇన్నేళ్ళ కష్టం. దీన్ని లాభమంటారా?"

లాజరుకి సిగ్గేసింది. కొత్త కాగితం తీశాడు.

రాయడం మొదలెట్టాక తెలిసింది, ఆ అమ్మాయితో అర్జీ రాయడం ఎంత కష్టమో. 'దిక్కులేని ఆడపిల్లను, తమ దయకు పాత్రురాలను' అని రాస్తే కొట్టెయ్యమంది. అర్జీలన్నీ అలాగే ఉంటాయండీ అని అతనంటే, రాబడి ఉందని పన్ను కడతానంటున్న మనిషికి దిక్కులేకపోవడమేంటని నిలదీసింది. మర్నాడు మళ్ళీ వచ్చి ఇంకో మాట మార్పించింది. ఆ మర్నాడు లాజరే కావాలని ఎక్కడో ఒకచోట 'దయ' అన్న మాట ఇరికించి, ఆమె వచ్చి పోట్లాడేదాకా వాన చూస్తూ కూర్చున్నాడు.

అలా వచ్చినప్పుడే ఒకసారి అడిగింది, ఒకే మనిషికి రెండు వ్యాపారాలుంటే ఏం చేస్తారని. రెండూ కలిపి పన్ను వేస్తారని చెప్పాడు. తప్పకుండా కలుపుతారా అని మళ్ళీ అడిగింది. ఆమె నవ్వు చూస్తూ ఎందుకని అడగడం అతను మరిచిపోయాడు.

విచారణ రోజున ఎందుకో తెలిసింది. తాసీల్దారుగారు దేవకుమారి అర్జీ చేతిలో పట్టుకుని, ఆమెని వదిలేసి చిట్టియ్యని అడిగారు. వ్యాపారం తనదేనని, ఇంట్లో ఆడాళ్ళు ఊసుపోక అల్లుతుంటారని చిట్టియ్య చేతులు కట్టుకుని చెప్పాడు.

"పెదనాన్నదే అనుకోండయ్యగారూ," అంది దేవకుమారి. "ఆయనకి బెల్లం వ్యాపారం కూడా ఉందండి. రెండూ కలిపి వెయ్యాలని లాజరుగారు చెప్పారు."

చిట్టియ్య మొహం మాడిపోయింది. బెల్లం మీద తనకి అయిదు వందలైనా రావని కిందటేడు అతను పెట్టుకున్న అర్జీ ఆ కచేరీలోనే ఉంది. రాసిపెట్టింది లాజరే. తాసీల్దారుగారు గుమ్మం దగ్గర నిలబడ్డ లాజరుని పిలిచి, నువ్వలా చెప్పింది నిజమేనా అన్నారు.

లాజరు మనసులో లెక్క వేసుకున్నాడు. అవునంటే చిట్టియ్య ఒక్కడే కాదు, బెల్లం బజారంతా తన పందిరి తొక్కదు. చిట్టియ్య బతిమాలుతున్నట్టు చూశాడు. దేవకుమారి అసలు ఇటు చూడనేలేదు. చెబుతాడన్న నమ్మకంతో నిబ్బరంగా నిలబడింది. ఆ నమ్మకం ముందు బెల్లం బజారు ఏపాటిదనిపించింది లాజరుకి.

"నిజమేనండి. కలపాల్సిందేనండి."

"అయితే ఆ బెల్లం కొట్టు కూడా ఓసారి చూడాలి," అన్నారు తాసీల్దారుగారు.

చిట్టియ్య వెంటనే దణ్ణం పెట్టాడు. తానేదో ఇంటికి పెద్దవాణ్ణి కదా అని మాదే అన్నానని, వ్యాపారం మాత్రం పిల్లదేనని, దాని పేరునే రాయమని చెప్పి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి బయటికి నడిచాడు.

రసీదు దేవకుమారి పేరున వచ్చింది. బెల్లం బజారు నిజంగానే లాజరుని వదిలేసింది. ఖాళీ పందిట్లో ఒక్కడే కూర్చున్నప్పుడు ఆమె ఫీజు పట్టుకుని వచ్చింది. వద్దన్నాడు.

"తీసుకోండి. ఊరికే చేయించుకుంటే, రేపు ఇదంతా లాజరుగారి చలవే అంటారు," అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీకు నష్టం తెచ్చాను కదండీ?" అంది.

"తెచ్చారండి. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెబుతాను." డబ్బు తీసుకుని పక్కన పెట్టాడు. "ఇంకో మాట కూడా చెబుతానండి. మీరంటే నాకు ఇష్టం. ఏదో ఒక తప్పు రాస్తే తప్ప మీరు రారని రోజూ రాశాను."

దేవకుమారి చూరు మీంచి పడుతున్న చినుకుల్ని అరచేత్తో పట్టుకుంది.

"పెళ్ళయ్యాక లేసు ఎవరి పేరు మీద ఉంటుందండీ?"

"మీ పేరు మీదే."

"కాదు, మొగుడి పేరు కావాలని కచేరీవాళ్ళంటే?"

"అర్జీ రాస్తానండి. దయ, దిక్కు లేకుండా."

అప్పుడు నవ్వింది. ఆ నవ్వు తన కోసమేనని లాజరుకి ఈసారి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

సంపూర్ణమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఒప్పుకుంది. చిట్టియ్య గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. పెళ్ళి మిషన్ గుడిలో జరిగింది. ప్రార్థన అయ్యాక పాదిరిగారు రిజిస్టరు తెరిచి, పెళ్ళికొడుకు వృత్తి దగ్గర అర్జీలు రాయుట అని రాశారు. పెళ్ళికూతురి వృత్తి దగ్గరికి వచ్చేసరికి అందరికీ గీసినట్టే అడ్డగీత గీయబోయారు.

దేవకుమారి సంతకానికి అందుకున్న కలం కింద పెట్టేసింది. పాదిరిగారు లాజరు వైపు తిరిగి, ఏం రాయమంటావయ్యా అన్నారు.

"నన్నడుగుతారేంటండీ?" అన్నాడు, ఒకప్పుడు మగదిక్కు కోసం వీధిలోకి తొంగి చూసిన లాజరు. "వ్యాపారం ఆవిడది. ఆవిడ ఎదురుగానే ఉన్నారు కదండీ."

పాదిరిగారు దేవకుమారి వైపు తిరిగి అడిగారు. లేసు వ్యాపారం అని చెప్పింది. ఆయన రాసిన సిరా ఆరేదాకా ఆగి, అప్పుడు సంతకం పెట్టింది.